వానమాపకం కొలవని నీరు: వర్షాలకు విరిగిపడే కొండచరియల ముప్పు అంచనా

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సూటిగా విషయంలోకి వెళ్దాం.

“ఎంత వాన పడితే కొండ జారుతుంది?” ఈ సబ్జెక్టులో అందరూ ముందుగా అడిగేది ఇదే. వంద మిల్లీమీటర్లా, రెండు వందలా, ఒక అంకె చెబితే రాసుకుంటాం అంటారు. అంకెలు లేకపోలేదు, కావలసినన్ని ఉన్నాయి, కాసేపట్లో చూద్దాం. వాటిని రాసుకునే ముందు ఒక తేడా పట్టుకోవాలి. పడిన వాన వేరు, కొండను జార్చే నీరు వేరు. జార్చేది మట్టిలోకి ఇంకి, రేణువుల సందుల్లో చేరి, అక్కడ ఒత్తిడి పెంచిన నీరు. వానమాపకం మొదటిదాన్నే కొలుస్తుంది. రెండోదాన్ని మనం లెక్కగట్టుకోవాలి. ఈ రెంటినీ ఒకటిగా చూస్తే అంచనా మొదటి మెట్టులోనే తప్పుతుంది.

కాలిఫోర్నియా తీరంలో లా కొంచీటా అనే చిన్న ఊరుంది. ఊరిని ఆనుకుని నిటారైన గుట్ట. 1995 మార్చి 4న ఆ గుట్ట జారింది. కుండపోత వానలు జనవరిలో పడ్డాయి, అప్పటికి వారాలు గడిచిపోయాయి. మట్టి లోతు నుంచి కదిలింది కాని మెల్లగా కదిలింది. ఇళ్లు పోయాయి, మనుషులెవరూ పోలేదు. పదేళ్ల తర్వాత 2005 జనవరి 10న, పాత జారుడులోనే ఒక భాగం మళ్లీ కదిలింది. ఈసారి రెండు వారాల జడివాన చివరి రోజుల్లోనే కదిలింది. మట్టి పలచని బురదలా పారి పది మంది ప్రాణాలు తీసింది. గుట్ట అదే, ఊరు అదే. ఒకసారి వానకీ జారుడుకీ మధ్య వారాల ఎడం, ఇంకోసారి అసలు ఎడమే లేదు. వాన అంకె ఒక్కటే పట్టుకుంటే ఈ రెంటినీ ఒకే లెక్కలో ఇమడ్చలేం.

ఈ ఎడం ఎక్కడి నుంచి వస్తుందో ఒక ముతక లెక్క చెబుతాను. నీటి ఒత్తిడి పైనుంచి కిందికి పాకడానికి పట్టే సమయం లోతుకు కాదు, లోతు వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. లోతును లోతుతో గుణించి, ఆ మట్టి డిఫ్యూజివిటీతో, అంటే ఒత్తిడి ఆ మట్టిలో ఎంత త్వరగా పాకుతుందో చెప్పే కొలతతో, భాగించండి. రెండు మీటర్ల గుల్ల మట్టి అనుకుందాం. డిఫ్యూజివిటీ సెకనుకు చదరపు మీటరులో పదివేలో వంతు. నాలుగుని దాంతో భాగిస్తే నలభై వేల సెకన్లు, అంటే పదకొండు గంటలు. అదే ఐదు మీటర్ల బంకమట్టి, డిఫ్యూజివిటీ వంద రెట్లు తక్కువ. రెండున్నర కోట్ల సెకన్లు వస్తాయి, అంటే తొమ్మిదిన్నర నెలలు. అందుకే మొదట తేల్చుకోవలసింది మనం ఏ రకం జారుడు గురించి మాట్లాడుతున్నామో. పైపొర మాత్రమే జారేదా, లోతు నుంచి కదిలేదా? పైపొరకి గంటల వాన లెక్క కావాలి. లోతు జారుడుకి నెలల వాన లెక్క, భూగర్భ జలమట్టం కావాలి. 2014 మార్చి 22న వాషింగ్టన్ రాష్ట్రంలోని ఓసో దగ్గర కొండ కూలి 43 మంది చనిపోయిన ఉదయం వాన లేదు. ముందు వారాల్లో పడింది. రెండు రకాల సంఘటనల్నీ ఒకే పట్టికలో కలిపి “ఇంత వాన దాటితే జారుతుంది” అని ఒకే గీత గీస్తే, ఆ గీత దేనికీ పనికిరాదు.

ఇప్పుడు పైపొర సంగతి. మనుషుల్ని హఠాత్తుగా చంపేది ఎక్కువగా ఇదే కాబట్టి దీని మీదే ఎక్కువసేపు ఉంటాను. బోర్డు మీద ఒక వాలు గీస్తున్నాను, అంకెలు రాసుకోండి.

వాలు 35 డిగ్రీలు. రాతి మీద నిలువు కొలతలో మీటరున్నర మందం మట్టి. మట్టి బరువు ఘనపు మీటరుకి 18 కిలోన్యూటన్లు. ఘర్షణ కోణం, అంటే మట్టి రేణువుల రాపిడి పట్టు ఎంతో చెప్పే కొలత, 33 డిగ్రీలు. మట్టి జిగురూ చెట్ల వేళ్ల పట్టూ కలిపి 4 కిలోపాస్కల్స్. ఇక రెండు బలాలు చూడాలి. కిందికి లాగేది ఎంత, పట్టి నిలిపేది ఎంత. పట్టును లాగుడుతో భాగిస్తే వచ్చేది భద్రతా గుణకం. ఒకటి దాటితే నిలుస్తుంది, ఒకటికి తగ్గితే జారుతుంది.

లాగేది: 18ని 1.5తో గుణిస్తే 27. దాన్ని 35 డిగ్రీల సైన్‌తో, కొసైన్‌తో గుణిస్తే 12.7 కిలోపాస్కల్స్. పట్టేది: 27ని కొసైన్ వర్గంతో గుణిస్తే 18.1. అది రాతి మీద మట్టి అదుముతున్న ఒత్తిడి. దాన్ని 33 డిగ్రీల టాంజెంట్‌తో గుణిస్తే 11.8, దానికి 4 కలిపితే 15.8. భాగిస్తే 1.24. పొడిగా ఉంటే వాలు నిలుస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ 4 కిలోపాస్కల్స్ తీసేస్తే ఎంత వస్తుంది? 0.93. అంటే ఎండాకాలంలో కూడా ఈ వాలు నిలవకూడదు. నిలబెట్టేది వేళ్లూ, కొంచెం జిగురూను. చెట్లు నరికేసిన వాలు మర్నాడే జారదు. వేళ్లు మట్టిలో కుళ్లడానికి కొన్నేళ్లు పడుతుంది, కొత్త మొక్కల వేళ్లు లోతుకు దిగడానికి ఇంకొన్నేళ్లు. నరికిన తర్వాత సుమారు మూడో ఏటి నుంచి పదిహేనో ఏటి దాకా పట్టు అడుగంటి ఉంటుంది. మ్యాపు మీద “పచ్చదనం ఉంది” అని గుర్తు పెట్టేటప్పుడు ఆ పచ్చదనం వయసు ఎంతో చూడకపోతే సరిగ్గా ఈ గండాన్నే వదిలేస్తాం.

సరే, నీరు చేరుద్దాం. మట్టి సగం మందం దాకా, అంటే 75 సెంటీమీటర్ల ఎత్తున నీరు నిలిచి వాలు వెంట కిందికి పారుతోంది. నీటి ఒత్తిడి 4.9 కిలోపాస్కల్స్. రాతి మీద మట్టి అదిమే ఒత్తిడిలోంచి ఇది తీసెయ్యాలి. నీరు మట్టిని పైకి ఎత్తి పట్టుకుంటుంది కదా. 18.1లోంచి తీసి లెక్కిస్తే గుణకం 0.99. జారుడు అంచు. మట్టి పైదాకా నీరు చేరితే 0.74.

తడిసి బరువెక్కి జారిందని చాలామంది అంటారు. బరువు పెరుగుతుంది, నిజమే. పెరిగిన బరువు కిందికి ఎంత లాగుతుందో, రాతి మీద అదిమి ఘర్షణనీ అంతకంత పెంచుతుంది. పై లెక్కలో మట్టి బరువు 18 బదులు 20 పెట్టి చూడండి. పూర్తిగా తడిసినప్పటి 0.74 కాస్తా 0.76 అవుతుంది. అంటే రవ్వంత మెరుగైంది. దోషి బరువు కాదు, ఒత్తిడి. ఇది సిద్ధాంతం కోసం చెప్పడం లేదు. దోషి ఒత్తిడే కాబట్టి, నీటిని బయటికి తోడే డ్రెయిన్లు వాలును నిలబెడతాయి. పైన గోడ కట్టి నీరు పోయే దారి మూసేస్తే అదే గోడ వాలుని పడగొడుతుంది.

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. ఎంత వాన? ఆ 75 సెంటీమీటర్ల నీటిమట్టం లేవాలంటే ఎంత నీరు ఇంకాలి? మట్టిలో ఇంకా నిండని సందులు ఎంత శాతం ఉన్నాయన్నదాన్ని బట్టి. తొలకరిలో మట్టి ఆరి ఉంటే ఆ ఖాళీ 20 శాతం అనుకోండి. 150 మిల్లీమీటర్లు ఇంకాలి. అదే మట్టి రెండు వారాలుగా నానుతూ ఉంటే ఖాళీ 5 శాతమే. 38 మిల్లీమీటర్లు చాలు. ఒకే వాలు, ఒకే మట్టి, నాలుగు రెట్ల తేడా. పైగా ఇది ఆ వాలు మీద పడిన నీరు మాత్రమే. దోసిలిలా లోపలికి వంగిన పల్లంలోకి పైనుంచి, పక్కల నుంచి కూడా నీరు చేరుతుంది. అందుకే జారుళ్లు ఎక్కువగా మొదలయ్యేది కొండ ముక్కు మీద కాదు, వాగు పుట్టే చోటికి కాస్త పైన ఉండే ఆ పల్లాల్లో. మట్టి మందంగా పేరుకునేదీ అక్కడే.

ఇప్పుడు ప్రచురించిన అంకెలు చూద్దాం. 1980లో నెల్ కేన్ ప్రపంచవ్యాప్తంగా 73 సంఘటనలు తీసుకుని ఒక గీత గీశాడు. గంటకు పడే వాన మిల్లీమీటర్లలో, వ్యవధి గంటల్లో. వ్యవధిని మైనస్ 0.39 ఘాతానికి పెంచి 14.82తో గుణిస్తే వచ్చేదే గంట వాన హద్దు. గంటసేపైతే గంటకు 15 మి.మీ. పది గంటలైతే గంటకు 6, మొత్తం 60. ఇరవై నాలుగు గంటలైతే మొత్తం 103. చూడ్డానికి బాగుంది. 2008లో ఇటలీ పరిశోధకులు 2,626 సంఘటనలతో ఇదే పని మళ్లీ చేశారు. గుణకం 2.20, ఘాతం మైనస్ 0.44. దాని ప్రకారం ఇరవై నాలుగు గంటలకి 13 మిల్లీమీటర్లు! ఒకటి 103, ఇంకోటి 13. ఎవరూ తప్పు చెప్పలేదు. రెండోది అన్ని వాతావరణాల్లోనూ నమోదైన వాటిలో అట్టడుగు అంచు. రోజుకు 13 మి.మీ. అనే హద్దును జోరు వానల ప్రాంతంలో పెడితే కాలమంతా హెచ్చరికే. ప్రపంచ గీతల్ని పాఠంగా చదువుకోవాలి, పనికి మాత్రం సొంత ప్రాంతపు గీత గీసుకోవాలి.

గీసుకోవడం ఎలా? జరిగిన జారుళ్ల జాబితా, ఒక్కోదానికి జరిగిన గంట, దగ్గరి వానమాపకంలో గంటగంటకీ నమోదైన వాన. ఒక వాన ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ముందే నియమం పెట్టుకోవాలి. ఉదాహరణకి 24 గంటలు పొడిగా ఉంటే అది ముగిసినట్టు. ఈ నియమం మధ్యలో మార్చకూడదు. తర్వాత వ్యవధి ఒక అక్షం మీద, మొత్తం వాన ఇంకో అక్షం మీద పెట్టి, నూటికి ఐదు సంఘటనలు మాత్రమే కింద పడేలా గీత గీయాలి. చివరగా, జారుడు తేని వానలన్నీ కూడా అదే గ్రాఫు మీద పెట్టాలి. చాలామంది ఈ చివరి పని ఎగ్గొడతారు. పెట్టి చూస్తేనే ఆ గీత ఎన్నిసార్లు ఊరికే హెచ్చరిక మోగిస్తుందో తెలిసేది.

తప్పులు దొర్లే చోట్లు చెబుతాను. మొదటిది, సమయం. జారుడు తెల్లవారుజామున నాలుగింటికి జరిగింది, పట్టికలో తారీఖు మాత్రమే ఉంది. ఆ రోజు మొత్తం వాన కలిపేస్తాం. జారిన తర్వాత పడిన వాన కూడా కారణంలోకి వచ్చేస్తుంది, గీత ఉండాల్సిన దానికంటే పైకి పోతుంది, రేపు నిజమైన ప్రమాదం గీత కిందే జరిగిపోతుంది. రెండోది, చోటు. వానమాపకం లోయలో మనుషులుండే చోట ఉంటుంది, వాన శిఖరం మీద పడుతుంది. లోయ కొలతతో గీసిన గీత లోయ కొలతకే పనికొస్తుంది. తర్వాత ఎవరో శాటిలైట్ వాన డేటా తెచ్చి అదే గీతకు తగిలిస్తారు. ఆ డేటాలో ఒక్కో గడి సుమారు పది కిలోమీటర్లు, కొండల మీది వానని తరచు తక్కువగా చూపుతుంది. కొలిచే సాధనం మారితే గీత మళ్లీ గీయాల్సిందే. మూడోది, పరికరం. బకెట్ తిరగబడుతూ లెక్కించే రకం వానమాపకాలు జోరువానలో తిరగబడే క్షణంలో కొంత నీరు వదిలేస్తాయి, తక్కువ చూపిస్తాయి. గరాటులో ఆకు అడ్డం పడితే కుండపోత కాస్తా తుంపరలా నమోదవుతుంది. సరిగ్గా ఎక్కువ కావలసిన రోజునే తక్కువ చెబుతుందన్నమాట.

ముందు పడిన వానని లెక్కలోకి తెచ్చే పద్ధతులు చాలా ఉన్నాయి. అమెరికాలోని సియాటెల్ కోసం వేసిన గీత చాలా సరళమైనది. గత మూడు రోజుల వాన ఒకవైపు, దానికి ముందు పదిహేను రోజుల వాన ఇంకోవైపు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే, 89లోంచి ఆ పదిహేను రోజుల వానలో 0.67 వంతు తీసెయ్యాలి, మిగిలినదే మూడు రోజుల హద్దు. ముందు పక్షంలో 60 పడి ఉంటే హద్దు 49కి దిగుతుంది. ఇందాకటి ఖాళీ సందుల లెక్కే ఇది, వేషం మార్చుకొచ్చింది. జపాన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒకదాని కింద ఒకటి మూడు తొట్లు, ఒక్కోదానికి పక్కనా అడుగునా చిల్లులు. వాన పై తొట్టిలో పడుతుంది, కొంత పక్కకి కారుతుంది, కొంత కింది తొట్టిలోకి దిగుతుంది. మూడు తొట్లలో మిగిలిన నీరు కలిపితే మట్టిలో ఉన్న నీటికి సూచిక. దాన్ని ఒక అక్షం మీద, గంట వానని ఇంకో అక్షం మీద పెట్టి హెచ్చరికలు ఇస్తారు. బలమైన భూకంపం వచ్చిన ప్రాంతంలో ఆ హద్దుల్ని కొంతకాలం తగ్గించి ఉంచుతారు కూడా, కొండ అప్పటికే బీటలు వారి ఉంటుంది కాబట్టి.

హద్దు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? ఊహించిన అంకెలతో చూద్దాం. పదేళ్లు, 3,650 రోజులు. జారుళ్లు జరిగిన రోజులు 10. మన హద్దు 60 రోజులు మోగింది. అందులో 9 రోజులు నిజంగా జరిగాయి, 51 రోజులు జరగలేదు, ఒకటి తప్పిపోయింది. మోగాల్సినప్పుడు మోగినది 90 శాతం, బాగుంది. మోగిన వాటిలో ఉత్తుత్తివి 85 శాతం, బాగాలేదు. కొందరు రిపోర్టుల్లో “మొత్తం కచ్చితత్వం 98.6 శాతం” అని రాస్తారు. లెక్క సరైనదే. అయితే ఎప్పుడూ హెచ్చరించకుండా చేతులు ముడుచుకు కూర్చున్నా కచ్చితత్వం 99.7 శాతం వస్తుంది! అరుదైన సంఘటనల విషయంలో ఈ కొలమానం వాడకండి. ఎన్ని పట్టాం, ఎన్ని వదిలాం, ఎన్నిసార్లు ఊరికే లేపాం, ఈ మూడూ విడివిడిగా చెప్పండి. ఏడాదికి ఐదారుసార్లు ఊరికే ఖాళీ చేయమంటే జనం ఒప్పుకుంటారా అన్నది గణితం కాదు, ఆ ఊరివాళ్లతో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి.

ఇంతవరకు “ఎప్పుడు”. “ఎక్కడ” అన్నది మ్యాపు పని. వేగంగా చెప్పేస్తాను. పాత జారుళ్ల జాబితా తీసుకుని, వాలు, వంపు, రాయి రకం, మట్టి మందం, భూమి వాడకం పక్కన పెట్టి పోల్చుతారు. 30 నుంచి 35 డిగ్రీల వాలు మొత్తం విస్తీర్ణంలో 12 శాతమే ఉండి, జారుళ్లలో 30 శాతం అక్కడే ఉంటే నిష్పత్తి 2.5. ఇంతే అసలు సూత్రం, కంప్యూటర్ మోడల్‌కి నేర్పించే మెషిన్ లెర్నింగ్ అయినా చివరికి చేసేది ఈ పోలికే. చెడేది ముడిసరుకు దగ్గర. జాబితా రోడ్డు వాళ్లు తయారుచేసిందైతే జారుళ్లన్నీ రోడ్డు పక్కనే ఉంటాయి, మోడల్ “రోడ్డుకు దగ్గరైతే ప్రమాదం” అని నేర్చుకుంటుంది. కొండ కోసి రోడ్డు వేయడం వల్ల ప్రమాదం పెరిగే మాట నిజమే, కాని ఎవరూ చూడని అడవిలోని జారుళ్లు లెక్కలోకే రాలేదన్నదీ నిజమే. ఇక ఎత్తుల మ్యాపులో 30 మీటర్ల గడులు వాడితే నిటారు వాలు కాస్తా చదునై 25 డిగ్రీలుగా కనిపించవచ్చు. ఇరవై మీటర్ల వెడల్పు పల్లం అసలు కనపడదు. మనకు కావలసింది సరిగ్గా ఆ పల్లమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే భాగం. జారే చోట్లని ఎర్రగా చూపే ఈ మ్యాపు ముప్పు కాదు. అది జారే అవకాశం మాత్రమే. ముప్పు అంటే ఆ జారుడు ఎవరి మీద పడుతుంది, వాళ్లు ఆ సమయంలో అక్కడ ఉంటారా, ఉంటే ఏమవుతారు.

నాలుగు అంకెలు గుణించాలి. ఒక ఇంటి పైనున్న వాలు ఏటా జారే అవకాశం 200లో ఒకటి, అంటే 0.005. జారితే ఆ శిథిలాలు ఇంటిదాకా వచ్చే అవకాశం 0.4. అప్పుడు మనిషి ఇంట్లో ఉండే అవకాశం, రోజుకు పద్నాలుగున్నర గంటలు ఉంటారనుకుంటే, 0.6. ఉంటే చనిపోయే అవకాశం 0.5. గుణిస్తే 0.0006. ఏటా పదివేలలో ఆరు. హాంకాంగ్‌లోనూ ఆస్ట్రేలియా మార్గదర్శకాల్లోనూ ఇప్పటికే ఉన్న వాలుల దగ్గర ఒక మనిషికి భరించగల హద్దు ఏటా పదివేలలో ఒకటి, కొత్త కట్టడాలకి లక్షలో ఒకటి. అంటే మన ఇల్లు హద్దుకి ఆరు రెట్లు ఉంది. హాంకాంగ్‌లో ఈ లెక్కలు ఊరికే మొదలవలేదు. 1972 జూన్ 18న ఒక్క రోజే రెండు చోట్ల వాలులు కూలి 138 మంది చనిపోయారు. 1976లో మళ్లీ జరిగింది. 1977 నుంచి అక్కడ వాలులకంటూ ప్రత్యేక ప్రభుత్వ విభాగం, హెచ్చరిక వ్యవస్థ వచ్చాయి. మనుషులు కోసిన, పోసిన వాలులు అరవై వేల పైచిలుకు ఒక్కో నంబరుతో జాబితాలో ఉన్నాయి.

ఈ గుణకారంలో నాకు నచ్చేది, ఏ పని ఏ అంకెని తగ్గిస్తుందో విడదీసి చూపుతుంది. వాలులో డ్రెయిన్లు వేస్తే మొదటిది తగ్గుతుంది. మధ్యలో అడ్డుకట్ట కడితే రెండోది. హెచ్చరించి ఖాళీ చేయిస్తే మూడోది. కొండవైపు గది వదిలి అవతలి గదిలో పడుకుంటే నాలుగోది. డబ్బు లేని చోట మూడోదీ నాలుగోదీ మాత్రమే చేతిలో ఉంటాయి, అయినా అవి తక్కువేం కాదు.

మూడో అంకెతో జాగ్రత్త. అదే వాలు కింద రోడ్డు ఉందనుకోండి. ఒక మనిషి రోజుకు రెండుసార్లు వంద మీటర్ల ముక్కని గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దాటుతాడు. ఒక్కోసారి 12 సెకన్లు, రోజుకు 24 సెకన్లు. రోజు మొత్తం సెకన్లతో భాగిస్తే 0.0003 కూడా రాదు. ఇంటితో పోలిస్తే రెండు వేల రెట్లు తక్కువ. కాగితం మీద రోడ్డు క్షేమం. అయితే జోరువానలో ముందు చిన్న పెళ్ల పడి రోడ్డు మూసుకుపోతుంది, వాహనాలు అదే వాలు కింద గంటసేపు వరుసకడతాయి, రెండోది పెద్దది పడుతుంది. ఆ గంటలో అవకాశం 0.0003 కాదు, ఒకటి. సగటు తీసినప్పుడు ఈ కొస కనపడకుండా పోతుంది. రోడ్డు విషయంలో లెక్క కంటే ముందు పెట్టాల్సిన నియమం, పెళ్ల పడితే వాహనాల్ని వాలుకు దూరంగా ఎక్కడ ఆపాలన్నది.

రెండో అంకె, ఎంత దూరం వస్తుందన్నది, తరచూ ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేసేది. జారుడు మొదలైన చోటి నుంచి ఆగిన చోటికి గీత గీసి దాని కోణం కొలుస్తారు. వెయ్యి ఘనపు మీటర్ల జారుడుకి ఆ కోణం సగటున 26 డిగ్రీల దగ్గర, పది లక్షలకి 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. పరిమాణం పెరిగేకొద్దీ కోణం తగ్గుతుంది, దూరం పెరుగుతుంది. అది వాగులో పడి నీరు కలుపుకుంటే ఈ కోణాలు కూడా చాలవు. 2024 జులై 30న వయనాడ్‌లో జారుడు సుమారు 1,550 మీటర్ల ఎత్తున మొదలైంది, శిథిలాలు దాదాపు 8 కిలోమీటర్లు పారాయి. ఆ దారిలోని చూరల్‌మల ఊళ్లో ఇళ్లున్నది నది ఒడ్డున సాపు నేల మీద. వాలు మాత్రమే చూసే మ్యాపులో అలాంటి నేల పచ్చగానే, అంటే క్షేమంగానే కనిపిస్తుంది. అందుకే ఇంటి వెనక వాలు ఎంత అని అడిగితే చాలదు. ఇంటి పక్కనుంచి పోయే వాగు ఏ కొండలోంచి వస్తోంది, దాని పై కొసన పల్లాలెన్ని అని కూడా అడగాలి. వాగు ఒడ్డున గుండ్రాళ్లూ మట్టీ కలగాపులగంగా, పెద్దా చిన్నా వరసలేకుండా పేరుకుని ఉంటే, అక్కడికి ఇదివరకే ఒకసారి వచ్చి వెళ్లిందన్నమాట. నీరు తెచ్చి పోసినది పొరలు పొరలుగా ఉంటుంది.

సరే, ప్రశ్నలు.

(ప్రశ్న: మా దగ్గర పాత జారుళ్ల జాబితా లేదు, వానమాపకం కూడా ఒక్కటే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?)

నడకతో. ముందు పెద్దవాళ్లని అడిగి, ఎప్పుడు, ఏ పల్లంలో, ఎంతదాకా వచ్చిందో మ్యాపు మీద గుర్తు పెట్టించుకోండి. తర్వాత వాలు ఎక్కండి. పైఅంచున అర్ధచంద్రాకారపు బీటలు, మొదట్లో వంగి పైన నిటారైన చెట్లు, ఎండాకాలంలోనూ తడిగా ఉండే మచ్చలు, కొత్తగా పుట్టిన ఊటలు చూడండి. మట్టి మందం తెలియడానికి మొన ఉన్న ఇనుప కడ్డీ దిగగొట్టి చూడొచ్చు. ఒక్క చోట కాదు, పల్లం అడ్డంగా ఐదారు చోట్ల. కల్వర్టులన్నీ చూడండి, మూసుకుపోయిన కల్వర్టు నీటిని తెచ్చి పక్క వాలు మీద పోస్తుంది. పై వీధి మురుగునీరు ఎక్కడికి పోతోంది, నీళ్ల పైపు ఎక్కడైనా కారుతోందా, వాన లేకుండానే మట్టిని నానబెట్టేవి ఇవే. బీట కనిపిస్తే రెండు వైపులా రెండు మేకులు దిగగొట్టి మధ్య దూరం టేపుతో కొలిచి, తారీఖు వేసి రాసుకోండి. వానాకాలంలో రోజూ. కదలిక సమానంగా ఉంటే ఒకటి, రోజురోజుకీ రెట్టింపవుతుంటే పూర్తిగా వేరు.

(ప్రశ్న: మా మోడల్‌కి ఏయూసీ, అంటే జారే చోట్లని జారని చోట్ల నుంచి ఎంత బాగా విడదీస్తుందో చెప్పే అంకె, 0.95 వచ్చింది; ఒకటైతే పరిపూర్ణం. నమ్మొచ్చా?)

జారని చోట్లుగా ఏ బిందువులు తీసుకున్నారు? లోయలో పొలాలు, చెరువులు ఉంటే, మోడల్ నేర్చుకున్నది చెరువు జారదని. అందుకు మోడల్ అక్కర్లేదు. 20 డిగ్రీలు దాటిన వాలుల్లోంచి మాత్రమే తీసుకుని మళ్లీ చేయండి. రెండోది, పరీక్షకి పక్కన పెట్టిన బిందువులు శిక్షణ బిందువుల పక్కనే ఉంటే అది పరీక్ష కాదు. ఒక నదీ పరీవాహకంలో నేర్పి ఇంకోదాంట్లో పరీక్షించండి. ఇంకా మంచిది, ఒక ఏడాది దాకా జరిగినవాటితో నేర్పి తర్వాతి ఏళ్లవాటితో చూడటం. అంకె తగ్గుతుంది. ఆ తగ్గిన అంకే రిపోర్టులో రాయండి.

(ప్రశ్న: హెచ్చరిక ఏదీ రాలేదు, రాత్రి, వాన ఆగట్లేదు. ఏం కనిపిస్తే ఇల్లు వదలాలి?)

తలుపులు, కిటికీలు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, నేలలోనో గోడలోనో కొత్త బీట, వాలు మీంచి రాళ్లు దొర్లే చప్పుడు, చెట్లు విరుగుతున్న చప్పుడు. ఊట నీరు ఒక్కసారిగా మట్టిరంగుకు మారడం. వీటిలో ఒక్కటి చాలు, రెండోదాని కోసం ఆగొద్దు. ఇంకోటి జనం పొరబడేది. వాన ఏమాత్రం తగ్గకుండా వాగులో నీరు మాత్రం హఠాత్తుగా తగ్గితే అది శుభవార్త కాదు. పైన ఎక్కడో కొండ జారి వాగుకు అడ్డం పడిందనీ, నీరు దాని వెనక చేరుతోందనీ అర్థం. ఎక్కడ ఆగిందో చూద్దామని టార్చి పట్టుకుని పైకి వెళ్లకండి. వాగు వెంట కిందికీ పరిగెత్తకండి. బురద సెకనుకు ఐదు మీటర్లకు మించి రాగలదు, మీరు దాన్ని దాటలేరు. వాగుకు దూరంగా, పక్క గట్టు మీదికి ఎక్కండి. వాగు దాటాల్సిన వైపు కాదు, మీరున్న వైపే. మొదటి ఉరవడి వచ్చి వెళ్లాక సామాన్ల కోసం వెంటనే దిగిరాకండి, అదే కాలువలో రెండోది, మూడోది వస్తుంటాయి.